ఎలుకల మీద తేలింది మగవాళ్లకు వర్తిస్తుందా?

మిర్చితోట: పురుగుమందుల వల్ల మగ ఎలుకల్లో వీర్యకణాలు తగ్గుతాయంటే మా ఊళ్లో నవ్వుతున్నారు. మనకూ వర్తిస్తుందా, లేదా?

షాపు_గిరి: వర్తించదు. ల్యాబులో ఎలుకకు ఇచ్చే డోసు మనిషి జన్మలో చూడడు. అంత ఉప్పు పెట్టినా చస్తుంది.

సైన్స్_మాస్టారు: డీబీసీపీ అని నేలలో నులిపురుగులకు వాడే మందు ఉండేది. 1961లోనే ఎలుకలకు దాని ఆవిరి పట్టించి చూశారు, వృషణాలు దెబ్బతిన్నాయి. వాళ్లు పట్టించిన అతి తక్కువ మోతాదు 5 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఐదు పాళ్ల మందు, దాని దగ్గరా తేడా కనిపించింది. అయినా అమ్మకం ఆగలేదు. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీ పనివాళ్లు, తమకు పిల్లలు పుట్టడం లేదేమిటని వాళ్లలో వాళ్లే అనుకుని పరీక్షకు వెళ్లారు. కొందరిలో వీర్యకణాలే లేవు. తర్వాత మధ్య అమెరికా అరటితోటల కూలీలదీ అదే గోడు.

షాపు_గిరి: 5 పీపీఎం తక్కువని ఎవరన్నారు? పైగా ఆ మందు నా షాపులో లేదు.

సైన్స్_మాస్టారు: ఎలుకకు అవసరానికి మించి వీర్యకణాలుంటాయి. చాలావరకు పోయినా పిల్లల్ని పెడుతుంది. మనిషికి అంత మిగులు లేదు. ఎలుక తట్టుకుందని మనం ధైర్యపడటానికి లేదు.

షాపు_గిరి: 5 పీపీఎంకి జవాబు రాలేదు మాస్టారూ.

అగ్రి_కుర్రాడు: మాస్కు పెట్టుకుంటే సరిపోదా అన్నా?

మిర్చితోట: ఎండలో మాస్కు పెట్టుకుని ట్యాంకు మోసి చూడు తమ్ముడూ. పీపీఎంలు నాకెందుకు? పిల్లల్లేరని నా భార్యను గుళ్లకీ ఆస్పత్రులకీ తిప్పారు. నన్ను పరీక్ష చేయించుకోమని ఒక్కరూ అనలేదు. చివరికి చేయిస్తే కౌంటు తక్కువ నాదే.

షాపు_గిరి: అంటే నేను అమ్మిన మందే కారణమా? వెరికోసీల్, అదే వృషణాల దగ్గర నరాలు ఉబ్బే జబ్బు, ఉందేమో చూపించావా? సిగరెట్లు తాగవా?

మిర్చితోట: నీవల్లే అని అన్నానా? అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పవేం అని అడుగుతున్నా.

షాపు_గిరి: చెబితే పక్క షాపుకు పోతావు! డబ్బా మీద ఎర్ర రంగు గుర్తుంటే మందు గట్టిదని అదే అడిగి తీసుకుంటారు మీరు. అప్పు పెట్టేది నేను, తిట్లు తినేదీ నేనేనా?

సైన్స్_మాస్టారు: మందు లోపలికిపోతే ఎంతలో ప్రాణం పోతుందో చెప్పేదే ఆ రంగు. పిల్లలు పుట్టడం సంగతి అందులో లేదు.

రాయలసీమ_రైతు: ఈ మాట ఇన్నేళ్లకు వింటున్నా.

మిర్చితోట: రోజంతా ఆ వాసనలో కూర్చునేది నువ్వే గిరన్నా. నీకు భయం లేదా?

షాపు_గిరి: నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లు పుట్టాకే షాపు పెట్టాను.