బాలు స్మృతి సాయంత్రం: మగ గాయకుల సాధనకు ఏ కరావోకే పాటలు?

పాటల ఎంపిక బాధ్యులు (నెల్లూరు నుంచి):

సభ్యులందరికీ నమస్కారం. సెప్టెంబరు 25 గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (బాలు) గారి వర్ధంతి కాబట్టి, ఆ వారాంతంలో డాలస్‌లో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారందరం కలిసి జరుపుకోబోయే స్మృతి సాయంత్రంలో పాడతామని పేర్లిచ్చిన మగవారి పాటల జాబితాను శ్రద్ధగా చూశాను. దాదాపు అందరూ చరణంలో గొంతు తార స్థాయికి (పై స్థాయికి) వెళ్లి అక్కడే నిలబడవలసిన పాటలనే కోరుకున్నారు. నెల్లూరులో ఆయన తిప్పరాజువారి వీధి ఇంటి ముందు నుంచి నడిచి పెరిగిన వాళ్లకు ఆ పాటల మీద ఎంత మమకారం ఉంటుందో నాకు తెలుసు. అయినా వేదిక మీద పాడే పాట వేరు, గొంతును సిద్ధం చేసే పాట వేరు అని గట్టిగా నమ్ముతున్నాను. కోరుకున్న పాటనే రోజూ పూర్తి బలంతో పాడుతూ పోతే గొంతు పెరగదు, బొంగురుపోతుంది. అందువల్ల వేదిక పాటల నిర్ణయాన్ని ఆగస్టు చివరి వరకు ఆపి, ముందుగా సాధన పాటలను ఎంచుకుందామని ప్రతిపాదిస్తున్నాను.

ఎంపికకు ముందు ప్రతి ఒక్కరూ తమ గొంతు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా హాయిగా పలుకుతుందో తెలుసుకోవాలి. ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని, ఒకటి లేదా ఒకటిన్నర శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధార స్వరం ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది) షడ్జమం, అంటే 'స' పట్టుకుని, కిందికి మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') వరకు, పైకి తార గాంధారం (పై స్థాయి 'గ') వరకు "ఆ"కారంతో నెమ్మదిగా వెళ్లండి. మన మగవాళ్లలో ఎక్కువమందికి ఈ మేర ఇబ్బంది లేకుండా అందుతుంది. ఆ పైన మధ్యమం ('మ'), పంచమం దగ్గర మెడ నరాలు బిగుసుకున్నా, గడ్డం పైకి లేచినా, స్వరం కంటే గాలి ఎక్కువ వినిపించినా, ప్రస్తుతానికి మీ హద్దు అక్కడే అనుకోండి. సాధన పాటలో అత్యున్నత స్వరం ఆ హద్దుకు ఒక మెట్టు కిందనే ఉండాలి. హద్దు దాటే పని వారాల తరబడి మెల్లగా జరగవలసినది, పాట మధ్యలో బలవంతాన జరిగేది కాదు.

మొదటి పాటగా ఘంటసాల గారు 1962లో గుండమ్మ కథకు పాడిన "మౌనముగా నీ మనసు పాడిన" అందరికీ సూచిస్తున్నాను. నడక నెమ్మదిగా ఉంటుంది, మాటలు స్పష్టంగా పలకడానికి వ్యవధి దొరుకుతుంది, గొంతు పెంచకుండానే భావం చెప్పవలసి వస్తుంది. మగవాళ్లు సాధారణంగా పొరబడేది ఇక్కడే: మెల్లగా పాడమంటే ఊపిరి వదిలేసి స్వరాన్ని నీరసపరుస్తారు. మెల్లగా పాడినా స్వరం నిండుగా ఉండాలంటే పొత్తికడుపు ఆసరాతో ఊపిరిని పొదుపుగా వాడటం నేర్చుకోవాలి. రెండో పాటగా, 1973 నాటి కన్నెవయసు చిత్రంలో బాలు గారు పాడిన "ఏ దివిలో విరిసిన పారిజాతమో" తీసుకుందాం. పల్లవిలోని పొడవైన పాదాలను ఎక్కడ ఊపిరి తీసుకుని ఎక్కడ తీసుకోకుండా పాడాలో ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. మూడో పాటను ఎవరి ఇష్టానికి వారికి వదిలేస్తున్నాను. అది తాళం కాస్త చురుకుగా నడిచేదై ఉంటే చాలు.

"శివశంకరీ" పాడతామన్న వారికి ఒక మనవి. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలోని ఆ దర్బారీ కానడ రాగం పాటలో స్వరకల్పనలూ (స్వరాల అల్లికలు) గమకాలూ (స్వరాన్ని ఊపి పలికే తీరులు) శాస్త్రీయ సంగీతం నేర్చినవారికే పరీక్ష. శాస్త్రీయంగా నేర్చుకోకుండానే బాలు గారు 1980లో వచ్చిన శంకరాభరణానికి పాడి జాతీయ పురస్కారం అందుకున్న మాట నిజమే, కానీ 1966 డిసెంబరులో కోదండపాణి గారి సంగీతంలో తొలి పాట రికార్డు చేసిన నాటి నుంచి అప్పటికి పదమూడేళ్లకు పైగా ఆయన పాడుతూనే ఉన్నారు. సెప్టెంబరు లోపల మనం ఆ దూరం నడవలేము.

ఒంగోలు సోదరులు (డాలస్):

అన్నయ్యా, మీరు చెప్పిన పద్ధతి బాగుంది. నాది సహజంగా లావు గొంతు కావడంతో అసలు ట్రాకు శ్రుతిలో ఏ పాట పాడినా చరణంలో చిక్కుకుపోతున్నాను. కరావోకే యాప్‌లో శ్రుతి తగ్గించే సదుపాయం ఉంది. కానీ అలా తగ్గిస్తే సభలో చిన్నతనంగా ఉంటుందేమోననీ, పాట అందం చెడుతుందేమోననీ సంకోచంగా ఉంది.

పాటల ఎంపిక బాధ్యులు:

తమ్ముడూ, ఆ సంకోచం పూర్తిగా వదిలిపెట్టు. సినిమా పాటకు శ్రుతిని పాడే గొంతును చూసుకునే నిర్ణయిస్తారు. ఒకరి గొంతుకు కుదిరిన శ్రుతిలో మరొకరు పాడి తీరాలన్న నియమం సంగీతంలో ఎక్కడా లేదు. యాప్‌లో ఒక్కో మెట్టు అర స్వరం (హార్మోనియంలో పక్కపక్క మీటల మధ్య దూరం) కాబట్టి, రెండు మెట్లు తగ్గిస్తే రెండు శ్రుతిలో ఉన్న పాట ఒకటి శ్రుతికి వస్తుంది. రెండు మూడు మెట్ల వరకు ట్రాకు సహజంగానే వినిపిస్తుంది. అంతకు మించి తగ్గించుకుంటూ పోతే వేణువు, వయొలిన్ల నాదం మొద్దుబారడమే కాకుండా, పల్లవిలోని కింది స్వరాలు నీ గొంతుకు కూడా అందకుండా పోతాయి. కనుక పై స్వరం ఒక్కటే కాకుండా పాటలోని అతి కింది స్వరం కూడా చూసుకుని శ్రుతి ఖరారు చేయాలి. ఒకసారి ఖరారు చేశాక ఆ అంకెను పాట పేరు పక్కనే రాసి పెట్టు, వేదిక రోజున మార్చవద్దు.

శబ్ద నిర్వహణ బాధ్యులు (డాలస్):

సాధనకు సంబంధించి రెండు సాంకేతిక విషయాలు చెప్పవలసి ఉంది. చాలామంది ఇళ్లలో బ్లూటూత్ స్పీకరు ద్వారా పాడుతున్నారు. అందులో శబ్దం కొంత ఆలస్యంగా బయటికి వస్తుంది కాబట్టి, మీ గొంతు కూడా అదే స్పీకరు నుంచి వస్తుంటే, ఎంత తాళజ్ఞానం ఉన్నా మీరు తడబడుతున్నట్లే వినిపిస్తుంది. దయచేసి వైరుతో కలిపిన స్పీకరు గానీ ఇయర్‌ఫోన్లు గానీ వాడండి. ఇక రెండవది, సాధనలో ఎకో పూర్తిగా తీసివేయండి. ఎకో శ్రుతిదోషాన్ని కప్పిపుచ్చుతుంది, పాడేవారికి తమ తప్పు తెలియనివ్వదు. సభలో ఎంత అవసరమో అంత నేను కలుపుతాను.

కావలి సోదరి (డాలస్):

యుగళగీతాల మాట ఎవరూ ఎత్తలేదు. నాతో పాడవలసిన అన్నయ్య తన సౌకర్యం కోసం మూడు మెట్లు తగ్గించుకున్నారు, నా భాగమంతా మంద్రంలో పడి ఎవరికీ వినిపించడం లేదు.

పాటల ఎంపిక బాధ్యులు:

మీరు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, అమ్మా. మగవారి శ్రుతి సాధారణంగా ఒకటి, రెండు ప్రాంతంలోనూ, ఆడవారిది నాలుగు, అయిదు ప్రాంతంలోనూ ఉంటుంది కాబట్టి, యుగళగీతంలో ఒకరి సౌకర్యం మరొకరికి కష్టం కావచ్చు. యుగళగీతాలకు ఇద్దరూ కలిసి కూర్చుని పాడి చూసుకోకుండా శ్రుతి మార్చరాదని నిర్ణయిద్దాం. ఎంతకీ కుదరకపోతే పాటనే మార్చుకోవాలి.

ఇక సమీక్ష గురించి. ఇక్కడ నెల్లూరులో బాలు గారి పేరు పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలో చదువుకున్న ఒక మాస్టారు మన కోసం ప్రతి ఆదివారం వినడానికి అంగీకరించారు. డాలస్‌లో ఉదయం ఏడున్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరు గంటలవుతుంది, ఆ సమయం ఆయనకు అనుకూలం. నిద్ర లేచిన వెంటనే గొంతు తెరుచుకోదు కాబట్టి, మీరు ఆరున్నరకే లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, పెదవులు మూసి పది నిమిషాలు "మ్" అని పలికి, సరళీ స్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) రెండు కాలాల్లో, అంటే మెల్లగా ఒకసారి, రెట్టింపు వేగంతో ఒకసారి పాడి ఆ తర్వాత కాల్‌లోకి రండి. ఒక్కొక్కరు ఒక పల్లవి, ఒక చరణం పాడితే చాలు. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ వారం పాడకుండా వినండి. ఎకో లేకుండా ఫోనులో రికార్డు చేసిన మొదటి సాధన పాటను, మీరు ఖరారు చేసుకున్న శ్రుతి అంకెతో సహా, శుక్రవారం రాత్రి లోపల నాకు పంపితే మాస్టారికి ముందే వినిపిస్తాను.