‘లావైనవ్’ అని మొహం మీద అనడం మేలా, కీడా?

సుబేదారి వదిన

మన దగ్గర పెళ్ళికి పోయినా, దినాలకు పోయినా, గడప దాటి లోపలికి రాకముందే వచ్చే మొదటి మాట “ఏందమ్మా, గిట్లైనవ్?” అనేదే. అడిగేవాళ్ళు పగవాళ్ళేం కాదు, మేనత్తలు, పెద్దమ్మలు, ఆడబిడ్డలు, అందరూ మన మంచి కోరేవాళ్ళే. నాకు రెండో కాన్పు తర్వాత ఈ మాట అలవాటైపోయింది కాబట్టి నా సంగతి వదిలేయండి. ఇప్పుడు మా అక్క బిడ్డ గురించి అడుగుతున్నా. ఇంటర్ చదువుతోంది. పోయిన సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నలుగురిలో ఎవరో “ఇంత చిన్న వయసులో ఇంత ఒళ్ళేంది బిడ్డా” అన్నారు. అప్పటి నుంచి పొద్దున టిఫిన్ మానేసింది, మధ్యాహ్నం బాక్స్ కట్టింది కట్టినట్టే ఇంటికి తెస్తోంది, సాయంత్రం ఆకలికి ఆగలేక కాలేజీ ముందు బేకరీలో పఫ్ తింటోంది. ఫోటో అంటే పారిపోతోంది. ఇదేనా ఆ మాట వల్ల వచ్చిన ఆరోగ్యం?

అనడం వల్ల ఎవరూ బాగుపడరని నా గట్టి అభిప్రాయం. కాదనేవాళ్ళుంటే చెప్పండి, వింటాను.

కాజీపేట అన్న

నేను కాదంటాను వదినా. నాకు 41 ఏళ్ళకు షుగర్ బయటపడింది. దానికి ముందు పదేళ్ళు మా ఇంట్లో, డ్యూటీలో అందరూ “పెళ్ళైనంక మంచిగ నిండుగైనవ్” అని మెచ్చుకున్నవాళ్ళే తప్ప, “పొట్ట వస్తోంది, ఒకసారి రక్తం చూపించుకో” అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మగవాడికి పొట్ట వస్తే మన దగ్గర దాన్ని దర్జా అనుకుంటారు, అదే నన్ను ముంచింది. 2023లో ఐసీఎంఆర్, అంటే దేశ వైద్య పరిశోధన మండలి వాళ్ళ ఇండియాబ్ అనే షుగర్ సర్వే వచ్చింది కదా, దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ఆ అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు అని. ఇంతమంది ఉన్న దేశంలో మనసు నొచ్చుకుంటుందని నోరు మూసుకుంటే ఎట్లా? మన దగ్గర చెప్పేవాళ్ళు ఎక్కువైపోలేదు, చెప్పాల్సినవాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువయ్యారు.

సుబేదారి వదిన

అన్నా, “రక్తం చూపించుకో” అనడం వేరు, నలుగురిలో “ఒళ్ళేంది” అనడం వేరు. మొదటిది మీకెవరూ చెప్పలేదని మీ బాధ, రెండోది మా పిల్లకు చెప్పారని నా బాధ. రెండిటినీ ఒకటే గంపలో వేయకండి.

ల్యాబ్‌లో పనిచేస్తా, హన్మకొండ

నా పని రక్తాలు తీయడం, రిపోర్టులు ఇవ్వడం. ఒక విషయం రోజూ చూస్తుంటా కాబట్టి చెప్తున్నా: చుట్టాలు ఎవరిని లావు అంటారో వాళ్ళ రిపోర్టే చెడ్డగా రావాలని ఏం లేదు. సన్నగా, చొక్కా వదులుగా వేసుకుని వచ్చినాయనకు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 8 వస్తుంది, “నాకా?” అని రెండుసార్లు అడుగుతాడు. ఆయన్ను జీవితంలో ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఆయన ఎప్పుడూ టెస్ట్ చేయించుకోలేదు.

పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టర్ ఉన్నారు, డయాబెటిస్ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయన, యుడ్కిన్ అనే బ్రిటిష్ డాక్టర్, ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో ఒకటి అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్నటివాళ్ళే. మన భారతీయుల ఒంటి తీరు అది, కండ తక్కువ, పొట్టలోపల కొవ్వు ఎక్కువ. అందుకే మనకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు.

బరువు మిషన్ కంటే టైలర్ టేపు మంచిది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే డాక్టర్‌తో మాట్లాడాలి. చీర మీద, ప్యాంటు మీద కొలిస్తే లెక్క రాదు. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు పీహెచ్‌సీలోనే బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. కళ్ళతో చూసి ఆరోగ్యం తేల్చే పని చుట్టాలకే కాదు, మాకూ చేతకాదు.

మట్టెవాడ టీచర్

అనడం వల్ల ఏమవుతుందో కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2014లో ఒక పరిశోధన వేశారు. ఇంగ్లండ్‌లో 2,944 మందిని నాలుగేళ్ళ పాటు చూశారు. బరువు వల్ల తమను చిన్నచూపు చూశారని చెప్పినవాళ్ళు ఆ నాలుగేళ్ళలో సగటున 0.95 కిలో పెరిగారు, అట్లాంటిదేం లేదన్నవాళ్ళు 0.71 కిలో తగ్గారు. సిగ్గుపడితే తగ్గుతారని మనవాళ్ళ నమ్మకం, అక్కడ కనిపించింది దానికి ఎదురు. నాకిది ఆశ్చర్యం అనిపించలేదు. ఒళ్ళు గురించి మాట పడ్డ పిల్ల మొదట మానేసేది గ్రౌండు, తిండి కాదు. ఆటల పీరియడ్‌లో “కడుపు నొప్పి సార్” అని చెట్టు కింద కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది ఎవరో ఏ పీఈటీని అడిగినా చెప్తారు.

కాజీపేట అన్న

సార్, ఆ లెక్క నేను కాదనను. కానీ వాళ్ళు 50 దాటిన ఇంగ్లండ్ మనుషులు. పైగా చిన్నచూపు వల్ల పెరిగారా, పెరిగేవాళ్ళకే చిన్నచూపు ఎక్కువ తగిలిందా అన్నది ఆ ఒక్క పరిశోధనతో తేలదు. మా ఇంట్లో మా నాయనకు షుగర్, నాకు షుగర్, రేపు నా కొడుక్కి పొట్ట వస్తుంటే నేను మాట్లాడకుండా ఉండాలా? ఉండను.

ఎన్‌ఐటీ గోడ పక్కన

లావు గురించే మాట్లాడుతున్నారు, బక్కవాళ్ళకూ ఇదే గోస. నన్ను చిన్నప్పటి నుంచి “గాలొస్తే కొట్టుకపోతవ్ రా” అని నవ్వినవాళ్ళే. ఇంజనీరింగ్‌లో జిమ్‌లో చేరాను, అక్కడ ట్రైనర్ మొదటి రోజే ప్రోటీన్ డబ్బా అంటగట్టాడు, నా హాస్టల్ మెస్ బిల్లు కంటే ఎక్కువ ధర. అడిగితే “డైట్‌తో కాదు తమ్ముడు, ఇది తాగితేనే బాడీ వస్తది” అన్నాడు. అద్దం ముందు నిలబడితే ఏమీ మారినట్టు కనిపించదు, ఇంకో డబ్బా కొనాలనిపిస్తుంది. ఇది నిజంగా అవసరమా, తెలిసినవాళ్ళు చెప్పండి.

ల్యాబ్‌లో పనిచేస్తా, హన్మకొండ

తమ్ముడూ, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్‌ఐఎన్ అంటాం, 2024లో ఆహార సూచనలు విడుదల చేసింది. కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని అందులో ఉంది. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. అంటే నీ బరువు 60 కిలోలైతే 50 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల ఉడికించని పప్పులో 20కి పైనే ఉంటుంది. జిమ్‌లో గట్టిగా చేసేవాడికి ఇంకొంచెం కావాలి, అదీ మెస్‌లో పప్పు, పెరుగు, గుడ్డు, చికెన్‌తో వస్తుంది. ముందు నిద్ర చూసుకో. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి పొద్దున ఆరింటికి బరువులెత్తితే కండ ఎక్కడి నుంచి వస్తుంది?

పరకాల మక్కచేను

అందరూ మాటల గురించి, టేపు గురించి చెప్తున్నారు, కంచం గురించి ఒక్కరూ అడగట్లేదు. నేను అడుగుతా. మన ఇండ్లల్లో ఆడమనిషి ఎప్పుడు తింటది? అందరూ తిన్నాక. అప్పటికి గిన్నెల్లో ఏం మిగులుతుంది? అన్నం మిగులుతుంది, పచ్చిపులుసు మిగులుతుంది, అడుగున నాలుగు ముక్కలు మాడిన కూర మిగులుతుంది. పప్పు పిల్లలకు పోయింది, గుడ్లు మగవాళ్ళకు పోయాయి. ఆమె ఆకలి తీరేదాకా అన్నమే తింటుంది, ఇంకేం తింటుంది? పదేళ్ళు అట్లా తిన్నాక పొట్ట వస్తే, ఆ పప్పు తిన్నవాళ్ళే వచ్చి “ఏందే, గిట్లైనవ్” అంటారు. ఇది నేను మా అమ్మను చూసి చెప్తున్నా, మా అత్తను చూసి చెప్తున్నా, నన్ను చూసి కూడా చెప్తున్నా.

ఇప్పుడు పట్నంలో అందరూ అన్నం మానేసి కొర్రలు, జొన్న రొట్టె తినమంటున్నారు. తినొచ్చు, మా అవ్వ మక్క గట్క, జొన్న గట్క తిన్న మనిషే. కానీ రేషన్ దుకాణంలో 2025 నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి, ఆ ఇంట్లో కిలో కొర్రలు కొనుమంటే ఎవరు కొంటారు? ఇంకో సంగతి, ఐసీఎంఆర్ వాళ్ళు 2025లో చెప్పిందే, తెల్ల బియ్యం తీసేసి అదే లెక్కన గోధుమలో చిరుధాన్యాలో పెట్టుకున్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గట్లేదట. మన దేశంలో తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది, అది మొత్తంగా కొంచెం తగ్గి, ఆ చోటికి పప్పులు, పాలు వస్తేనే గుణం. అంటే నాలుగు జొన్న రొట్టెలు తింటే నాలుగు రొట్టెల పిండే కదా. అన్నం తీసేయక్కర్లేదు, రెండు గరిటెలు తగ్గించి పక్కన గుడాలు పెట్టుకోండి. బబ్బెర్లు, శనగలు, పెసర్లు, ఏవైనా సరే. రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్‌లో ఉడికించి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు పెడితే అయిపోయింది. పది నిమిషాల పని, ఖర్చు చాయ్ బిస్కెట్ అంత. ముఖ్యంగా ఇంట్లో ఆడమనిషికి మొదలే ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. ఆ గిన్నె తీసిపెట్టినవాళ్ళకే ఆమె ఒళ్ళు గురించి మాట్లాడే హక్కుందని నేనంటా.

మట్టెవాడ టీచర్

మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. ఇంతసేపూ మనం అనొచ్చా, అనకూడదా అని వాదించుకున్నాం, అన్నవాళ్ళు తర్వాత ఏం చేశారని ఎవరమూ అడగలేదు.

కాజీపేట అన్న

అక్కా, గుడాల మాట బాగుంది కానీ నడక సంగతి? తిండి ఎంత సర్దినా నడవకపోతే నా షుగర్ దిగలేదు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు వారానికి 150 నిమిషాలు చాలంటున్నారు, రోజుకు అరగంట కూడా కాదు. భద్రకాళి బండ్ ఉంది, జేఎన్ఎస్ స్టేడియం ఉంది, పైసా ఖర్చు లేదు. టైం లేదనేది సాకు.

సుబేదారి వదిన

సాకు కాదన్నా. పొద్దున ఐదున్నరకు బండ్ మీద నడిచే మగవాళ్ళను చూడండి, వాళ్ళ ఇండ్లల్లో ఆ టైంలో పొయ్యి ముందు ఎవరున్నారో కూడా ఆలోచించండి. నాకు చిన్నోడు నిద్ర లేచేది ఆరింటికి, నీళ్ళొచ్చేది ఆరున్నరకు, స్కూల్ ఆటో ఏడున్నరకు. చీకట్లో ఒక్కదాన్నే పోవాలంటే భయం, వెలుగొచ్చాక పోవాలంటే పని. మా ఆయన వారంలో నాలుగు సాయంత్రాలు పిల్లల్ని చూసుకుంటానన్నాక నా నడక మొదలైంది. అప్పటిదాకా నాకు లేనిది బుద్ధి కాదు, టైం. పరకాల అక్క గిన్నె గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది: “నడువు” అనే ముందు పిల్లల్ని ఎత్తుకోండి.

ఇంకోటి, నేను నడిచేది తగ్గడానికి కాదు. మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు, రాత్రి నిద్ర పడుతోంది, నడుం నొప్పికి గోలీ మానేశాను. బరువు మిషన్ మీద పెద్దగా తేడా లేదు. అయినా ఈసారి దసరాకు నాకు నచ్చిన పట్టుచీర కట్టుకుంటా, “తగ్గినంక కడతా” అని బీరువాలో పెట్టను.

ఎన్‌ఐటీ గోడ పక్కన

వదినా, ఆ చీర మాట నాకు బాగా తాకింది. నేను కూడా బాడీ వచ్చాకే హాఫ్ హ్యాండ్ షర్ట్ వేద్దామని ఆపుకున్నా. డబ్బా మళ్ళీ కొనట్లేదు. బరువులు మాత్రం ఎత్తుతా, అది నాకు నిజంగానే ఇష్టం.

కాజీపేట అన్న

పిల్లల్ని చూసుకునే మాట ఒప్పుకుంటా, మా ఇంట్లో ఆ లెక్క సరిచేయాల్సిందే. కానీ నోరు మూసుకోమంటే మూసుకోను. నా కొడుకును నలుగురిలో అనను, మా ఇద్దరమే ఉన్నప్పుడు టేపు తెచ్చి ముందు నా నడుము కొలిచి తర్వాత వాడిది కొలుస్తా. అది కూడా తప్పంటే ఇక నాకు అర్థం కాదు.

సుబేదారి వదిన

అది తప్పెందుకవుతుంది అన్నా. కానీ వాడికి వద్దనిపిస్తే వదిలేయండి, మళ్ళీ అడగండి. మా అక్క బిడ్డ విషయంలో మాత్రం నేను గట్టిగానే ఉన్నా, ఈ పండక్కి వచ్చే చుట్టాలందరికీ ముందే ఫోన్ చేసి చెప్తా, పిల్ల ముందు ఒళ్ళు మాట ఎత్తొద్దని. ఎవరికి కోపమొచ్చినా సరే.

ల్యాబ్‌లో పనిచేస్తా, హన్మకొండ

ఫోన్లు చేయండి వదినా, దాంతో పాటు పాపకు హిమోగ్లోబిన్ ఒక్కసారి చూపించండి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, తిండి మానేసిన ఇంటర్ పిల్ల అంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 12 కంటే తక్కువ వస్తే డాక్టర్‌ను కలవండి, ఐరన్ గోలీలు రాస్తారు, వాటిని చాయ్‌తో మాత్రం వేసుకోనివ్వొద్దు. ఇట్లాగే ఇంకా తిండి మానేస్తుంటే, తిన్నాక కక్కుకుంటున్నట్టు అనుమానం వచ్చినా, నెలసరి ఆగినా ఆలస్యం చేయకండి, మానసిక వైద్యుల దగ్గరికి కూడా తీసుకెళ్ళండి. టెస్ట్‌కు వచ్చేటప్పుడు బరువు గురించి అని చెప్పకండి, నీరసంగా ఉంటున్నావు కదా, చూపిద్దాం అనండి. దీనికి పరగడుపున రావాల్సిన పని లేదు, టిఫిన్ తినిపించే తీసుకురండి.