సెల్ఫ్ కొడితే టిక్ టిక్ శబ్దమే, కారు స్టార్ట్ అవ్వట్లేదు

కొత్తపేట కుర్రాడు: పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. చాలా రోజులుగా బయటికి తీయలేదు. ఇప్పుడు తాళం తిప్పితే టిక్ టిక్ మంటుంది తప్ప ఇంజిన్ తిరగట్లేదు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగున్నట్టేగా? సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మార్చాలని మెకానిక్ ఫోన్‌లోనే తేల్చేశాడు. పొద్దున్నే అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ డ్రైవర్: హారన్ మోగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు తమ్ముడూ. హారన్‌కి కాస్త కరెంటు చాలు. సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. హెడ్‌లైట్లు వేసి ఒకసారి సెల్ఫ్ కొట్టు. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయిందన్నా అనుకోవాలి, టెర్మినల్ (బ్యాటరీ మీద వైరు తగిలించే కొన) సరిగా పట్టుకోలేదన్నా అనుకోవాలి. లైట్లు తగ్గకుండా ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్‌ని అనుమానించు. కారు చూడకుండా మోటార్ మార్చమనడం అన్యాయం.

కొత్తపేట కుర్రాడు: లైట్లు దాదాపు ఆరిపోతున్నాయి అన్నా. బానెట్ ఎత్తి చూస్తే ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పులా పేరుకుని ఉంది. దానికి వైరుని బిగించే క్లాంప్ చేత్తో తిప్పితే కదులుతోంది.

పాత కార్ల పిచ్చి: సగం సమస్య అక్కడే దొరికింది! ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా ముందు మైనస్ క్లాంప్ తియ్యి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి నురగ కక్కుతూ ఊడిపోతుంది. అది చేతులకు, కళ్లకు తగలనివ్వకు. బాగా తుడిచి, ఆరాక గట్టిగా బిగించు. మల్టీమీటర్ ఉంటే వోల్టేజ్ కూడా చూడు. నిండా చార్జ్ ఉంటే 12.6 దగ్గర చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు.

వరంగల్ వాసి: మా కారుది వేరే కథ. ఇంజిన్ గిరగిరా తిరిగేది కానీ అందుకునేది కాదు. అలాంటప్పుడు బ్యాటరీ మీద పడొద్దు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు 'జుయ్' మనే పెట్రోల్ పంపు శబ్దం మాకు వినిపించలేదు. చివరికి చూస్తే ఎలుకలు ఆ వైరు కొరికేశాయి. వానాకాలంలో కారు ఊరికే నిలబెడితే ఈ బెడద మామూలే.

కొత్తపేట కుర్రాడు: శుభ్రం చేసి బిగించాను. ఇప్పుడు ఇంజిన్ బద్ధకంగా ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది. మీటర్‌లో 11.9 ఉంది. పక్కింటి అంకుల్ కారు బ్యాటరీకి కేబుళ్లు కలిపి జంప్ ఇవ్వొచ్చా?

బెజవాడ డ్రైవర్: ఇవ్వొచ్చు. ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత ఆయన ప్లస్‌కి. నల్లది ఆయన మైనస్‌కి. దాని రెండో కొన నీ బ్యాటరీకి పెట్టకు, దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి తగిలించు. చార్జ్ అవుతున్న బ్యాటరీ దగ్గర గ్యాస్ ఉంటుంది, నిప్పురవ్వ పడితే పేలే ప్రమాదం ఉంది.

కొత్తపేట కుర్రాడు: స్టార్ట్ అయింది! అందరికీ చాలా థ్యాంక్స్. ఇంజిన్ నడుస్తుండగా 14.1 చూపిస్తోంది.

పాత కార్ల పిచ్చి: అయితే ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. వెంటనే ఆపకుండా ఓ రౌండ్ తిప్పుకుని రా, కానీ దాంతో పూర్తిగా చార్జ్ అవ్వదు. పొద్దున్న అమ్మగారికి మాత్రం క్యాబ్ బుక్ చేసి పెట్టుకో. ఆ తర్వాత బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించు.