బెల్ ప్రయోగాలతో నియతివాదం పోయినట్టేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. జాన్ బెల్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన పరీక్షను జంట ఫోటాన్లతో (కాంతి కణాలతో) చేసి చూసినందుకు 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చినప్పటి నుంచి "నియతివాదం పోయింది, ప్రకృతిలో ముందే నిర్ణయమైనదేదీ లేదని తేలిపోయింది" అని వింటున్నాను. మరి డేవిడ్ బోమ్ 1952లో క్వాంటమ్ సిద్ధాంతానికి చెప్పిన వివరణలో ప్రతి కణానికీ కచ్చితమైన దారి ఉందిగా? రెండు రోజులుగా ఇదే బుర్ర తినేస్తోంది.

జవాబు 1: హిడెన్ వేరియబుల్స్ (ఫలితాన్ని ముందే నిర్ణయించే, మనకు కనబడని విలువలు) ఉండవని బెల్ 1964లోనే నిరూపించాడు. బోమ్‌ని వదిలెయ్.

జవాబు 2: అలా వదిలెయ్యకు బాబూ. బోమ్ పేపర్ చూసి ఆశ్చర్యపోయినవాళ్లలో బెల్ కూడా ఉన్నాడు. నేను లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఇది చీటీలతో చెప్పేవాణ్ని. నువ్వూ ఒక కాగితం తీసుకో.

జంట ఫోటాన్లు రెండు వైపులకు వెళ్తున్నాయి. రెండు వైపులా ఒక్కో పోలరైజర్ ఉంది, అది వచ్చిన ఫోటాన్‌ని దాటనిస్తుంది లేదా ఆపేస్తుంది. దాన్ని 0, 60, 120 డిగ్రీల్లో ఎలాగైనా పెట్టొచ్చు. ఇద్దరూ ఒకే కోణం పెడితే జవాబులు ప్రతిసారీ కలుస్తాయి. ఒక వైపు జరిగింది రెండో వైపుకి తగలదనుకుంటే, ఫోటాన్లు ఒకే రకం చీటీ వెంట తెచ్చుకుని ఉండాలి. మూడు గళ్లు గీసి ఒక్కో దాంట్లో "దాటు" అనో "ఆగు" అనో రాయి. ఎలా రాసినా రెండు గళ్లలో ఒకే మాట పడి తీరుతుంది. అంటే వేర్వేరు కోణాలు పెట్టినప్పుడు కూడా మూడింట ఒక వంతైనా కలవాలి. క్వాంటమ్ లెక్క కొసైన్ 60 స్క్వేర్, అంటే నాలుగో వంతే. ప్రయోగాలు క్వాంటమ్ వైపే ఉన్నాయి.

దీంతో పోయింది "అవతలి కోణం తగలదు" అన్న మాట. బోమ్ అదే వదులుకున్నాడు, నియతి మాత్రం అలాగే ఉంది. ఎవరెట్ (1957) దారి వేరు: అక్కడ క్వాంటమ్ సమీకరణం నియతంగానే నడుస్తుంది, కానీ కొలతకు ఒకే ఫలితం అంటూ ఉండదు, అన్నీ జరుగుతాయి కాబట్టి చీటీ లెక్కే మొదలవదు. నాకైతే బోమ్ దారే నచ్చుతుంది, కణం ఎక్కడో ఒకచోట ఉందని చెప్పగలుగుతున్నాను కనుక.

ప్రశ్న అడిగినవారు: గళ్లు గీసి ఎనిమిది రకాలూ రాశాను సార్, నిజంగానే తప్పించుకోలేకపోయాను! అయితే బోమ్ ప్రకారం కాంతి కంటే వేగంగా కబురు పంపొచ్చా?

జవాబు 2: పంపలేం. నీ వైపు అవతల ఏ కోణం పెట్టినా సగం "దాటు", సగం "ఆగు" వస్తాయి. కణాల తొలి స్థానాలు మన చేతిలో ఉండవు. తేడా కనబడాలంటే రెండు వైపుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఆ కాగితం నీ దగ్గరికి మామూలు దారిలోనే రావాలి.