వప్రస్థలీ అంటే కోటకొమ్మలేనా?

విజయనగరం: నిన్న సాయంత్రం కోట పక్కనుంచి వస్తుంటే పెద్దన మనుచరిత్రలో ప్రవరుడి ఊరి పద్యం నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. "వరణాద్వీపవతీ తటాంచలమునన్ విప్రస్థలీ చుంబితాంబరమై" అని తాతగారు చదివినట్టు గుర్తు. మా అక్క "వప్ర" అంటుంది. వప్రమైతే గోడ మీది కొమ్మలు కూడానా? రెండు కొమ్మల మధ్య, విలుకాడు బాణం వేసే సందుకి మన మాట ఏమిటి?

బొబ్బిలి: వప్రే. మత్తేభం కదా, పద్నాలుగో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. మొదటి "వ"కి "వి" కుదరదు. మా నాన్నగారు సరిగ్గా అక్కడ మంచం పట్టె మీద వేలితో కొట్టేవారు, నాకింకా ఆ చప్పుడు వినిపిస్తుంది. కొమ్మలు మాత్రం కావు. అమరకోశంలో "స్యాచ్చయో వప్రమస్త్రియామ్", అంటే మట్టికట్ట. అగడ్త మట్టితో వప్రం పోసి ఏనుగులతో, ఎడ్లతో తొక్కించమన్నాడు కౌటిల్యుడు. కొమ్మలకు కపిశీర్షం వేరే ఉంది.

శ్రీకాకుళం: మట్టికట్ట ఆకాశాన్ని ముద్దాడుతుందా మాస్టారూ? పెద్దన అంత చప్పగా రాయడు. చుంబనం ఉందంటే కొమ్మ ఉండాలి. కోటకొమ్మా కొమ్మే, ఆడదీ కొమ్మే.

బొబ్బిలి: పద్యంలో లేని మాట మీద శ్లేష ఎలా కడతామమ్మా? 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు ఎదురు నిలిచిన మా కోటవి మట్టిగోడలే. మట్టిని తీసెయ్యకండి.

చీపురుపల్లి: శ్లేష మొదటి మాటలోనే ఉంది! వరణ నది పేరు. అమరంలో ఆ వెంటనే "ప్రాకారో వరణః సాలః". నది పేరుతోనే గోడ లేపాడు. పాదం మొదట వరణ, యతి దగ్గర వప్రం, రెండూ గోడలే.

బొబ్బిలి: నది "వరణా", గోడ "వరణ". ఆ దీర్ఘం అడ్డు.

చీపురుపల్లి: చెవికి అడ్డు కాదు. పైకి చదివి చూడండి.

శ్రీకాకుళం: మన ఆదిభట్ల నారాయణదాసుగారిని అడగాల్సిన మాట ఇది. ఖయ్యాం రుబాయీలనే అచ్చతెలుగులో పెట్టిన మనిషి, ఆ సందుకి చిటికెలో పేరు పెట్టేవారు.

విజయనగరం: "విప్ర" పోయింది, ప్రాణం కుదుటపడింది. మరి సందు?

చీపురుపల్లి: ముందు రెండో పాదానికి రండి. సౌధాల సున్నం వెలుగుకి చంద్రుడిలోని లేడి కూడా తెల్లబడింది. సుధ అంటే సున్నమూ, అమృతమూ. ఇక్కడ ఏది తీసుకుంటారు?