చిన్నాయన రాసిన పాత ప్రెస్‌నోట్లు ఆయన పుస్తకంలో వేసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా చిన్నాయన ముప్పై ఏళ్లు సమాచార, పౌర సంబంధాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కలెక్టర్ల మాటలెన్నో ఈయన రాతలోనే పత్రికలకు వెళ్లాయి. ఎక్కడా పేరుండదు, ఆ ఉద్యోగమే అంత! ఇప్పుడు సొంత పేరుతో ఆ అనుభవాలు రాస్తున్నారు.

నాకు బాగా నచ్చింది ఫ్లోరైడ్ అధ్యాయం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే నిలిచింది. రోగానికీ మన ఊరి పేరే, మందుకూ మన ఊరి పేరే అంటారు చిన్నాయన. మర్రిగూడ వైపు పల్లెల్లో ఈ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి పడ్డ తిప్పలన్నీ రాశారు.

సమస్య ఏంటంటే, అప్పటి ప్రెస్‌నోట్లు, శాఖ ఫొటోలు కూడా వేయాలని ఆయన పట్టుదల. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినవాటిపై హక్కు మామూలుగా ప్రభుత్వానిదే. మరి అనుమతి ఎవరిని అడగాలి? జిల్లా ఆఫీసులోనా, హైదరాబాద్‌లోనా? మీలో ఎవరైనా తెచ్చుకున్నారా?

ఇంకోటి. ఒక ప్రింటర్ ఐఎస్‌బీఎన్ నంబరుకు (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఫీజు కట్టాలన్నాడు. అది కేంద్ర ప్రభుత్వానికి చెందిన రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది కదా! అక్కడే నమ్మకం పోయింది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో 300 కాపీలు వేసే మంచి ప్రెస్ ఉంటే చెప్పండి. దసరాకల్లా పుస్తకం చేతికి రావాలని చిన్నాయన రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్ నాకు!