అప్‌డేట్: మా విచారణ (పారిష్) గురువులైన ఫాదర్ గారు మళ్లీ బలిపీఠం దగ్గరకు వచ్చారు

రోడ్డు ప్రమాదంలో తొడ ఎముక విరిగి ప్రాణాపాయంలో ఉన్న మా ఫాదర్ గారికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడిన వారికి తైలం పూసి ప్రార్థించే కాథలిక్ సంస్కారం) ఇప్పించవచ్చా, అది మరణశయ్యపై ఉన్నవారికి మాత్రమేనా అని నాలుగు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మా పెద్దలు ఆ సంస్కారాన్ని నేటికీ అవస్థ అభ్యంగనమనే, అంటే మరణావస్థలో ఇచ్చేదనే అర్థంలో, పిలుస్తారు. తైలం తెచ్చారంటే ఆశ వదులుకున్నట్టేనని భయపడతారు. 1972లో ఆరవ పౌలు పోపు గారు ఆ క్రమాన్ని సవరించారని, తీవ్రంగా జబ్బుపడిన విశ్వాసులు దానిని స్వీకరించవచ్చని, యాకోబు లేఖ 5వ అధ్యాయం చెప్పేది కూడా రోగి కోలుకోవడానికి చేసే ప్రార్థన గురించేనని మీరు వివరించిన తరువాత, విశ్వాస పాఠాలు నేర్పే మా ఉపదేశి గారు ఇంటింటికీ వెళ్లి ఆ మాటే చెప్పారు. పొరుగు విచారణ గురువులు వచ్చి నుదుటిపై, చేతులపై తైలం పూసినప్పుడు, మాట పెగలని ఫాదర్ గారు కళ్లు మూసి తెరిచి ఆమెన్ చెప్పారు. గదిలో ఉన్నవారమంతా ఏడ్చాము.

ఆ తరువాత యువకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని రాత్రుళ్లు తోడున్నారు. సాయంత్రాలు ఇంటికొక జపమాల జరిగింది. మసీదు వీధిలోని ఒక తల్లి రోజూ రాగిజావ కాచి, మూత చుట్టూ తడిగుడ్డ కట్టి పంపేది. ఆమె రుణం మేము తీర్చుకోలేము.

నిలబడలేని గురువు కూర్చుని దివ్యబలిపూజ (మాస్) అర్పించవచ్చని, అయితే ప్రజల సమక్షంలో అందుకు స్థానిక పీఠాధిపతుల (బిషప్) అనుమతి అవసరమని శ్రీసభ (కాథలిక్ సంఘం) చట్టం 930వ నియమం చెబుతోంది. అనుమతి వచ్చింది. గత ఆదివారం, మా వడ్రంగి చేసిన ఎత్తు కుర్చీలో కూర్చుని ఫాదర్ గారు పూజలోని అప్పాన్ని (రొట్టెను) పైకెత్తారు. చేతులు వణికాయి, కానీ దించలేదు. ఇంకా వాకర్‌తోనే నడుస్తున్నారు, ఫిజియోథెరపీ కొనసాగుతోంది.